తొందరపడ్డ జొన్న

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనుకుని లాభం లేదు. నా మాటల్లో తాలు ఎక్కువ. గుప్పెడు గింజలుంటే గంపెడు చెబుతాను. నేను బయటి నుంచి వచ్చి వాన పడుతోందంటే మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటుంది. చెయ్యి తడిశాక కూడా, "మీరు సెప్పినంత వానేటి కాదిది" అంటుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. కాబట్టి మీరూ పక్కన ఒక చేట పెట్టుకుని చదవండి. చెరుక్కోగా ఏమైనా మిగిలితే అంతమటుకు జరిగిందనుకోండి.

మాది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. మా తాత కాలంలో గుణుపురం దగ్గర నాలుగు చెక్కల పొలం కొనుక్కుని ఇటు వచ్చి పడ్డాం. భూమి అన్నదమ్ములకు చాలక నేను ఉద్యోగంలో పడ్డాను. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే దారిలో, దారికి దూరంగా, ఒక కొండ నడుం మీద ప్రభుత్వం వారి విత్తనాల ఫారం ఉండేది. అందులో జొన్న మడులు నా పాలు. స్వరాజ్యం రాకముందు ఆ కుర్చీలో కూర్చున్నాను. స్వరాజ్యం వచ్చాక కూడా అదే కుర్చీ. దాని మూడో కాలు పొట్టి. మాచ్‌ఖండ్‌లో కరెంటు కోసం కొండలు తొలిచేస్తున్నారని విన్నప్పుడు, ఆ రాళ్ళలో ఒక చిన్న ముక్క దొరికితే నా కుర్చీ కాలికింద పెట్టుకోవచ్చు కదా అనుకునేవాణ్ణి.

ఆ కొండ మీద వాన సంగతి చెప్పాలి. జ్యేష్ఠంలో మొదలైన చినుకు కార్తీకం దాకా ఊపిరి తీసుకోదు. నా గొడుగు మీద నాచు పట్టింది. ఆ నాచులో ఒక కప్ప కాపురం పెట్టింది. పిల్లల్ని కంది. బారసాల నాడు మమ్మల్ని పిలవలేదని మా ఆవిడ కొన్నాళ్ళు అలిగింది కూడా. జ్వరమైతే దగ్గరి చుట్టంలా వచ్చి వెళ్ళేది, పిలవనక్కర్లేదు. క్వినైన్ మింగి మింగి నా ఒళ్ళు ఎంత చేదెక్కిందంటే, నన్ను కుట్టిన దోమ మూతి తుడుచుకుంటూ పోయేది. మొత్తానికి ఆ ఫారంలో నాకు గుర్తున్నదల్లా అలసట. పొద్దున్న లేచేటప్పటికే సాయంత్రమైనంత అలసట. జొన్నమొక్కలు కూడా నిలబడే కునికేవి.

ఆ కొండల్లో ఊళ్ళవాళ్ళు వేసే జొన్న ఆలస్యపు జొన్న. ఆషాఢంలో చల్లితే మార్గశిరం దాకా చేతికి రాదు. ఎత్తు మాత్రం చాలా పెరుగుతుంది. కంకి ఎక్కడుందో చూడాలంటే మెడ విరిగేలా తల ఎత్తాలి. కిందటేటి గింజ శ్రావణానికే గాదెలో అయిపోతుంది. భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం, ఈ మూడు నెలలూ ఊరంతా మామిడి టెంకల మీద బతుకుతుంది. వేసవిలో తిన్న మామిడిపళ్ళ టెంకలు పారేయరు. వాటిని పగలగొట్టి, లోపలి జీడిని ఊరబెట్టి, చేదు పోయేదాకా కడిగి, దంచి, అంబలి కాచుకుంటారు. చేదు పూర్తిగా పోదు. పోయిందనుకుని తాగుతారు.

మా ఫారానికి దిగువన ఉన్న ఊరి పెద్ద ఒక ముసలాయన. ఆయన కోడలు మా దగ్గర కలుపు తీయడానికి వచ్చేది. మనిషి పుల్లలా ఉండేది, మాట మాత్రం పదునుగా ఉండేది. ఒక భాద్రపదంలో మధ్యాహ్నం వాన తగ్గక ఆమె మా వంటింటి చూరు కింద కూర్చుని దొప్పలో అంబలి తాగుతోంటే, మా ఆవిడ రుచి చూస్తానని రెండు గుక్కలు తాగింది. తర్వాత ఆ పూట అన్నం తినలేదు.

సాయంత్రం నేను కిందటేటి తెల్లజొన్న కంకులు ముందేసుకుని, ఏది లావు, ఏది నునుపు అని మురుస్తోంటే మా ఆవిడ వచ్చి నిలబడింది.

"ఏటండీ, మీ జొన్న ఎంత తెల్లగుంటే ఎవులికి కావాల? బాదరపదంలో పండుద్దేటి?"

"పండదే. అది దాని జాతి."

"మరైతే జాతి మార్చండి. దానికే గదా మిమ్మల్ని ఇక్కడ కూకోబెట్టేరు."

ప్రభుత్వం వారు నాకు ఇచ్చిన పని గింజ నాణ్యం, దిగుబడి పెంచడం. తెల్లగా, లావుగా, గట్టిగా, అన్ని గింజలూ ఒక్క తీరుగా ఉండాలి. ఎకరానికి ఎక్కువ రాలాలి. ముందుగా పండడం అనే మాట వాళ్ళు అనలేదు. అది మా ఇంటి ఉత్తర్వు. మా ఇంటి ఉత్తర్వుకు పైన అప్పీలు లేదు.

గుణుపురం దిగువ పొలాల్లో ఒక పొట్టి జొన్న ఉండేది. అందరికంటే ముందు పండేది, అదొక్కటే దాని గుణం. గింజ ఆవగింజకు తమ్ముడు. రంగు బురద. కొండ మీది తెల్లజొన్నది దీనికి పూర్తిగా ఎదురు లక్షణం: గింజ ముత్యం, పండడం మాత్రం మెల్లగా. ఈ రెండింటికీ సంబంధం కుదర్చాలి. జొన్నపువ్వులో ఆడా మగా ఒకే ఇంట్లో ఉంటాయి. అందుకని తెల్లవారుజామున, పుప్పొడి రాలకముందే, ఆ పువ్వు తెరిచి మగ కేసరాలను ఒక్కొక్కటే లాగెయ్యాలి. తర్వాత రెండో మొక్క పుప్పొడి తెచ్చి దులిపి, బయటి పొడి చేరకుండా కంకికి కాగితపు సంచీ తొడిగి దారంతో కట్టాలి. జొన్నపువ్వు ఎంత ఉంటుందంటే, దోమ ముక్కుపుడక పెట్టుకుంటే ఆ ముక్కుపుడకలో రాయంత. నా చేతిలో ఆయుధం కాలిలో ముళ్ళు తీసుకునే చిమటా. ఆ చిమటాతో రోజూ తెల్లారగట్ల వంగి వంగి నా వెన్ను కొడవలి అయింది.

"ఏటి సేస్తన్నాడు ఈ బావు?" అని ముసలి పెద్ద మా ఆవిడని అడిగాడట.

"పువ్వులకి పెళ్ళి సేస్తన్నాడు తాతా."

"మరి భోజనాలెప్పుడు?"

భోజనాలకు చాలా ఏళ్ళు పట్టింది. కలిపిన గింజలు చల్లితే వచ్చే సంతానం ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. ఒకటి తాతలా, ఒకటి మేనత్తలా, ఒకటి ఎవరిలాగో చెప్పుకోలేని పోలికతో. అందులోంచి మంచివి ఏరాలి, సంచులు కట్టాలి, ఏ కంకి గింజ ఆ కంకి సాలులోనే మళ్ళీ చల్లాలి, మళ్ళీ ఏరాలి. ముందు పండినదానికి గింజ చిన్నది. గింజ లావైతే పండడం ఆలస్యం. రెండూ బాగుంటే కాడ బలహీనం, గాలికి పడుకుంటుంది. మూడూ బాగుంటే ఆ మొక్కనే ఆవు తింటుంది. చుట్టూ అన్ని సాళ్ళుంటే అది సరిగ్గా నేను గుడ్డపీలిక కట్టిన మొక్క దగ్గరికే వచ్చేది. ఆ ఫారంలో మంచి విత్తనం ఎంచడం తెలిసింది ఆ ఆవు ఒక్కదానికే. దానికి నా ఉద్యోగం ఇచ్చేస్తే నేను ఇంటికి పోయి పడుకునేవాణ్ణి.

చివరికి ఒక ఏడు ఒక సాలు కుదిరింది. ఎలా కుదిరిందో నాకే తెలియదు. ఆవుకు ఒంట్లో బాగా లేదేమో. భాద్రపదం చివర్న నడుమెత్తు మొక్క మీద గుప్పిట మూసినట్టు బిగువైన కంకి, తెల్లగా, నిండుగా. గింజ పంటికింద పెట్టి కొరికాను. గట్టితనం చూడ్డానికి అదే మాకు పరీక్ష. పన్ను విరిగింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి పన్ను సంగతి అడగకుండా గింజ విరిగిందేమో చూసింది. ఆ వేళ దంచి అన్నం వండింది. చెట్నీ కూడా లేకుండా ఉప్పేసుకుని తిన్నాం.

"తెల్లారి టెంకంబలి కాయకుండా దీన్ని కాసుకుంటే..." అంది మా ఆవిడ, గిన్నె అడుగు గీకుతూ.

మా పై అధికారి కటకం వైపు మనిషి. కొండ గాలి పడక ఎప్పుడూ మెడకు మఫ్లరు చుట్టుకుని ఉండేవాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. నాలాంటివాళ్ళ జొన్నలు, చోళ్ళు, సామలు చూసి చూసి ఆయనకు గింజ అంటేనే కళ్ళు మూతలు పడేవి. నా సాళ్ళు చూసి, "ఫారంలో అయితే రాయి కూడా మొలుస్తుందయ్యా" అన్నాడు. "ఊళ్ళో రైతు పొలంలో పండించి చూపించు. వాళ్ళు తిని, మళ్ళీ వేస్తామంటేనే ఇది విత్తనం. లేదంటే వచ్చే ఏటి నుంచి ఈ మడులన్నీ వరికి ఇమ్మని పైనుంచి ఒత్తిడి ఉంది. ఈ ఒక్క పంటే నీకు."

"ఆగ్యాఁ" అన్నాను. ఒడియాలో చిత్తం అన్నమాట. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను ఎక్కువగా అన్న మాట అదే.

ముసలి పెద్ద దగ్గరికి వెళ్ళాను. రాయగడ సంతలో నేర్చుకున్న తెలుగు ఆయనది, మా ఆవిడ తెలుగుకంటే బాగుండేది.

"వాలు మీది సెక్క ఒకటుంది బావూ. యేసుకో. మా జొన్న మేం యేసుకుంటాం, నీ జొన్న నువ్వు యేసుకో. ఏది గెలుత్తాదో సూద్దుం."

"పందెం కాదు తాతా. ఇది ముందుగా పండుతుంది. మీకే తిండి."

"తిండైతే మంచిదే గదా" అన్నాడు నవ్వుతూ. తిండి కాదని ఆయన ఎక్కడా అనలేదు. నేనూ ఇంకేమీ అడగలేదు.

ఆషాఢంలో వేశాం. కోడలే కలుపు తీసింది. చుట్టూ పొలాల్లో ఊరి జొన్న ఇంకా ఆకులు ఊపుకుంటూ గాలి కబుర్లు చెప్పుకుంటోంటే, వాలు మీది నా జొన్న కంకి వేసింది, పాలు పోసుకుంది, గట్టిపడింది. భాద్రపదం ముగిసేసరికి ఆ చెక్క కొండ మీద వెన్నెల ఒలికినట్టుంది. అటు మాచ్‌ఖండ్ నుంచి ఇటు గుణుపురం దాకా ఆ తెలుపు కనిపించేది. రైళ్ళు ఆగి చూసి వెళ్ళేవి. అన్నిటికంటే నాకు ఆనందం ఏమిటంటే, ఆ ఏడు ఆకలి నెలల నడుమే అన్నం వచ్చి నిలబడింది.

కోత అనుకున్న రోజు కొడవలి పట్టుకుని పొద్దున్నే దిగాను. ఎవరూ రాలేదు. ఎండెక్కింది. ముసలి పెద్ద అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"కోతకి రారేటి తాతా?"

"ఎలాగొస్తాం బావూ? కొత్త అవ్వనేదు గదా."

కొడవలి తీసి అరుగు మీద పెట్టేశాను.

ఆ కొండల్లో ప్రతి పంటకూ ఒక కొత్త పండగ ఉంటుంది. మామిడి కొత్త, కంది కొత్త, జొన్న కొత్త. మంచి రోజు పెట్టించి ఊరి పూజారి ఆ పంటను అమ్మవారికి పెట్టేదాకా ఊళ్ళో ఎవరూ దాన్ని కోయరు, నోట పెట్టరు. జొన్న కొత్త మార్గశిరంలో. ఎందుకంటే వాళ్ళ తాతల నాటి నుంచి జొన్న పండేది మార్గశిరంలో. ఇదంతా నాకు తెలియదా? ప్రతి ఏడూ ఆ పండక్కి వెళ్ళి చోళ్ళతో కాచిన లందా తాగి, తిరిగి వచ్చే దారిలో కొండను కూడా రెండుగా చూసినవాణ్ణి. అయినా నా బుర్రకు తట్టలేదు. ఫారంలో మేం ఎప్పుడు పండితే అప్పుడు కోసుకునేవాళ్ళం. అమ్మవారి అధికారం మా ముళ్ళకంచె దగ్గర ఆగిపోయేది. గింజ రంగు చూశాను, బరువు చూశాను, కాడ చూశాను, పన్ను కూడా ధారపోశాను. ఆ గింజ తన పండగ కంటే ముందే పుడుతుందన్న సంగతి మాత్రం చూడలేదు.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "ఓలమ్మో! లగ్గానికి ముందే పురుడొచ్చీసినట్టుందే!"

రోజులు చూసేవాణ్ణి అక్కడ దిసారి అంటారు. ఆ ఊరి దిసారికి తన మాట మీద తనకు మహా మక్కువ. చెప్పే ముందు గొంతు సవరించుకునేవాడు, చెప్పాక మళ్ళీ సవరించుకునేవాడు. ఒక కోడినీ, పొగాకు కట్టనూ పట్టుకుని వెళ్ళాను. కోడిని ముందు పెట్టాను.

"కొత్త ముందుకి జరపలేవా తాతా?"

"ఎందుకు జరపనేను? జరపగలను."

"మరి జరుపు."

"ఎవుళి జొన్నతోటి?"

"వాలు మీద పండి ఉంది కదా!"

గొంతు సవరించుకున్నాడు. "అది ఒకుళ్ళ సెక్క బావూ. ఊళ్ళో మిగతావోళ్ళ జొన్న ఇంకా ఎన్నే తియ్యనేదు. అమ్మోరు ముందర ఇంటికొక దొప్ప పెట్టాల. ఒక దొప్ప పెట్టి మిగతావోళ్ళం సేతులు కట్టుకు కూకుంటే, అమ్మోరు అడగదేటి, ఏవర్రా మిగతా దొప్పలని?"

"అందరూ ఆకలితో ఉన్నారు కదయ్యా."

"అందరూ ఉన్నారు గాబట్టే ఊరు ఊరుకుంది. ఒకుళ్ళు తింటే ఊరుకోదు."

"ఉన్నది అందరికీ పంచేస్తే?"

"పంచితే ఇంటికెంతొస్తాది? సంటిదాని గుప్పిటికొస్తాది. దానికి పండగ, డప్పులు, లందా! నవ్వుతారు బావూ, పక్కూరోళ్ళు."

నేను కోడి వైపు చూశాను. ఆయనా చూశాడు.

"కోడి మాత్రం ఉంచీ" అన్నాడు.

నేనొక్కణ్ణే కోసుకుపోతే ఆ గింజను ఊరు ఇక ముట్టదు. అలా మిగిలింది ఒక్కటే దారి. మార్గశిరం దాకా ఆ పండిన జొన్నను పొలంలోనే కాపాడడం. అందరి జొన్నా పచ్చిగా ఉన్నప్పుడు ఒక్కటే పండి నిలబడితే చుట్టుపక్కల చిలకలన్నిటికీ అదే సత్రం. బోరిగుమ్మ అడవుల్లోంచి కూడా దిగాయి. దారి తెలియనివి దారి అడుక్కుంటూ వచ్చాయి. ముసలి చిలకల్ని మనవలు మోసుకొచ్చారు. పొద్దున్న వాలు మీద తెలుపు పోయి ఆకుపచ్చ కనిపించేది, చూస్తే ఆకులు కావు, రెక్కలు.

ఫారంలో కంకులకు కట్టే కాగితపు సంచులు వానకు రెండు రోజులు ఆగవు. మా ఆవిడ బట్టసంచులు కుట్టడం మొదలుపెట్టింది. ముందు పాత చీరలు. తర్వాత నా చొక్కాలు. తర్వాత దిండు గలీబులు. తర్వాత నా పెళ్ళి పంచె, పట్టంచుతో సహా. నేను ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఆమె నా వైపు చూసే చూపులోనే కొలత కనిపించేది. మొత్తానికి వాలు మీది జొన్న అంతా మా ఇంటి బట్టలు కట్టుకుని నిలబడింది. పక్క ఊళ్ళ నుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళు. "జొన్నబావు పొలం సలికి దుప్పట్లు కప్పుకున్నాది" అని నవ్వుకునేవాళ్ళు.

పొలం మధ్య మంచె వేసి కోడలు కాపలా కూర్చుంది. వడిసెలలో రాయి పెట్టి తిప్పిందంటే ఆ శబ్దానికే చిలకలు పక్క జిల్లాలో వాలేవి. ఒక మధ్యాహ్నం నేను మంచె ఎక్కేసరికి ఆమె దొప్పలో టెంకంబలి తాగుతోంది. చుట్టూ, చెయ్యి చాపితే అందే దూరంలో, పండిన జొన్న. ఆ మనిషి దాని నడుమ కూర్చుని చేదు అంబలి తాగుతోంది.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. "అమ్మీ, నాలుగు కంకులు కాల్చుకుని తింటే ఎవరు చూస్తారు? కొండ మీద నువ్వూ నేనూ చిలకలే కదా."

"సిలకలు తింటన్నాయి గదా బావూ, కొత్త అవ్వకుండానే. అందుకే వాటికి ఇల్లూ వాకిలీ నేదు" అంది. మళ్ళీ తనే, "నువ్వు తినీ. నువ్వు సర్కారోడివి, నీకేటి? అదిగో నీ పెళ్ళి పంచె కట్టుకున్న ఎన్ను, అది నీదేలే" అని గట్టిగా నవ్వింది. నవ్వుతూ దొప్ప ఎత్తి అడుగు కూడా తాగేసింది.

నేను తినలేదు. సర్కారువాణ్ణే అయినా తినబుద్ధి కాలేదు.

ఆశ్వయుజంలో ముసురు పట్టింది. సంచులు తడిసి కంకులకు అంటుకుపోయాయి. ఎండ కాస్తే ఆరేవి, కాయలేదు. కంకి బిగువుగా గుప్పిట మూసినట్టుంటుందని మురిశాను చూడండి, ఆ బిగువులోకి వెళ్ళిన నీరు బయటికి రాదు. ఊరి జొన్న కంకి వదులుగా చీపురులా ఉంటుంది, నీరు జారిపోతుంది. మొదట గింజ మీద గులాబిరంగు పొడి. తర్వాత బూడిద. తర్వాత నలుపు. రోజుకొక సంచీ విప్పి చూసేవాణ్ణి. తర్వాత విప్పి చూడడం మానేశాను.

సరిగ్గా అప్పుడే మా అధికారి వచ్చాడు. మఫ్లరు మీద గొంగడి కప్పుకుని, జ్వరంతో, వాలు ఎక్కలేక మధ్యలో రాయి మీద కూర్చున్నాడు. ఒక సంచీ విప్పించాడు. నల్లగా ఉంది. ఇంకోటి విప్పించాడు. అదీ అంతే.

"ఇదేనా నీ తెల్లజొన్న?"

"ఆగ్యాఁ."

"ఎందుకు కోయలేదు?"

చెప్పాను. పూర్తిగా విన్నాడు. నవ్వుతాడేమో, తిడతాడేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. మా ఇంటికి వచ్చి మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు వెచ్చదనానికి రెండు చేతులూ దాని చుట్టూ పెట్టుకుని, "వరి వేసుకుందామయ్యా" అన్నాడు. "వరికి ఏ గొడవా ఉండదు." నాకు కోపం రాలేదు. నిద్ర వచ్చింది. అన్నేళ్ళ నిద్ర ఒక్కసారి కళ్ళ మీదకు వచ్చి కూర్చుంది.

మార్గశిరంలో కొత్త వచ్చింది. డప్పులు మోగాయి. ఊరి జొన్నతోపాటు నా చెక్కా కోశారు. సంచులు విప్పితే చాలా కంకులు బూజు, కొన్ని మాత్రం బాగున్నాయి. మా ఆవిడ గట్టి నేతచీరల సంచులు కట్టుకున్న కంకుల్లో గింజ తెల్లగా, అలాగే ఉంది. నా పెళ్ళి పంచె మాత్రం ఒక్క గింజనూ కాపాడలేకపోయింది. అమ్మవారి ముందు ఇంటికొక దొప్ప పెట్టాక, తెల్లగింజ కొంచెం దంచి ఊరి జొన్నలో కలిపి వండారు. ఊరందరికీ తలా ఒక పిడచ వచ్చింది. కోడలు దంచినప్పుడే చెప్పింది, "రోకలికి నొప్పి నేదు, పిండి పాల్లాగున్నాది" అని. దిసారి గొంతు సవరించుకుని, తిని, మళ్ళీ సవరించుకుని, బాగుందన్నాడు. ముసలి పెద్ద మిగిలిన మంచి కంకులు కళ్ళంలో ఆరబెట్టించి, విత్తనానికని ఇంటింటికీ ఇన్ని పంచిపెట్టాడు. అందరూ తెల్లజొన్నే వేస్తే అందరికీ ఒకసారే పండుతుంది, అప్పుడు పండగ ముందుకు జరపడానికి అమ్మవారికీ అభ్యంతరం ఉండదు.

ఆ మరుసటి ఏడు చూడాలి! ఊరంతా తెల్లజొన్న. భాద్రపదం చివరికి కొండవాలంతా పాలకడలి. చిలకలు ఏ చెక్క మీద వాలాలో తేల్చుకోలేక గాల్లోనే తిరిగి తిరిగి కళ్ళు తిరిగి పడ్డాయి. దిసారి కొత్త పండగను భాద్రపదానికి జరిపేశాడు. అమ్మవారు ఏమీ అనలేదు, పైగా రెండో దొప్ప అడిగింది. ఏ ఇంటి పొయ్యి మీదా టెంకంబలి లేదు. డప్పులు రాయగడలో వినిపించాయి. మా అధికారి మఫ్లరు విప్పి గాల్లో ఎగరేసి గెంతాడు.

ఈ మరుసటి ఏడు మొత్తం నేను కల్పించింది.

కప్పలూ చిలకలూ రైళ్ళూ పన్నూ, వాటిని ఊదాను గాని, వాటికి కింద నేల ఉంది. పన్ను కొంచెం చెక్కు ఊడిన మాట నిజమే, విరగలేదు. కాని ఇంటింటికీ విత్తనం పంచడం, ఊరంతా తెల్లజొన్న వేయడం, పండగ ముందుకు జరగడం, వీటికి కింద ఏమీ లేదు. రాస్తూ ఉంటే చెయ్యి అటు పోయింది, లాగలేకపోయాను.

నాకు బోరిగుమ్మ దగ్గర వరి ఫారానికి బదిలీ అయింది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళింది మరుసటి మార్గశిరంలో, జొన్న కొత్తకే, మా ఆవిడ పోరితే. జొన్న కొత్త ఎప్పుడు జరిగేదో అప్పుడే జరుగుతోంది. విత్తనం తీసుకున్నది ఒక్క ముసలి పెద్ద ఇల్లే. మిగతావాళ్ళు బూజు చూసి వద్దన్నారు. కోడలు దాన్ని అందరితోపాటు ఆషాఢంలో వెయ్యలేదు. ఊరి జొన్న నడుమెత్తు వచ్చాక, ఉలవలు చల్లే అదునులో వేసింది. వానలు వెనకబట్టాక కంకి వేసింది, చలిలో గట్టిపడింది, సరిగ్గా ఊరి జొన్నతోపాటే పండింది. బూజు లేదు. చిలకలకు అన్ని చెక్కలూ సమానమే. గింజ ఫారంలో కూడా నేను ఎప్పుడూ చూడనంత తెల్లగా ఉంది.

"సూసేవా బావూ, ఇప్పుడు తొందర మానీసింది" అంది కోడలు, మాకు ఆకులు వేస్తూ. "ఊరితోపాటే పండతంది. ఈ యేడు మరో రెండిళ్ళోళ్ళు ఇత్తనం అడిగేరు."

మా ఆవిడ ఆమె మొహంలోకి చూస్తూ అడిగింది. "మరి బాదరపదంలో ఏటి తిన్నారమ్మీ?"

"ఏటి తింటాం? ఎప్పుడూ తినీదే" అని, ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసి, గరిట తీసుకుంది.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆకు వైపు చూశాను. అన్నం పొగలు కక్కుతోంది. మెతుకుకు మెతుకు విడిగా ఉంది. చాలా బాగుంది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.